బదులు మనిషి

దుప్పటి మడత పెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని వెనక్కి జరిగి బిగలాగాలి, ముందుకొచ్చి అంచులు కలపాలి, మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. హోటల్ దుప్పట్లు మరీ పెద్దవి. ఒక గుట్ట పూర్తయ్యేసరికి వీధి చివరిదాకా నడిచొచ్చినంత పనవుతుంది. ఆ పొద్దున అవతలి కొస పట్టుకున్నది అత్తగారు. మడతలు పెట్టే అమ్మాయి సెలవులో ఉంది.

"అంచు చూసి పట్టుకో. ధ్యాసెక్కడ పెట్టావ్?" అంది అత్తగారు.

కోడలి ధ్యాస ఫోన్ మీద ఉంది. తన ఆపరేషన్ తేదీ ఆస్పత్రివాళ్ళు ఇవాళ ఖాయం చేస్తారని అక్క చెప్పింది. ఆమె ఆ మాట అత్తగారితో అనలేదు. అంటే ఏమంటుందో తెలుసు. అందుకని అంచు సరిచేసి పట్టుకుంది.

కింద లాండ్రీ, పైన ఇల్లు. పెళ్ళై వచ్చిన కొత్తలో, మేడమెట్లు దిగితే పని, ఎక్కితే ఇల్లు అనుకునేది. కొన్నాళ్ళకి ఆ తేడా చెరిగిపోయింది. పొయ్యి మీద గిన్నె పెట్టి దిగివస్తుంది, మిషన్ తిప్పి పైకెళ్ళి గిన్నె దించుతుంది. ఒంటికి ఎప్పుడూ సబ్బు వాసనే. ఊళ్ళోని హోటళ్ళలో సగం వాటికి దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు ఉతికి ఇస్త్రీ చేసి పంపేది వీళ్ళే. లోకానికి సెలవులొచ్చినప్పుడల్లా హోటళ్ళు నిండిపోతాయి, వీళ్ళ గుమ్మంలో మూటలు గుట్టలవుతాయి. సరిగ్గా అప్పుడే పనివాళ్ళకీ సెలవు కావాలి. వాళ్ళకీ పిల్లలుంటారు, చుట్టాలొస్తారు. ఏటా ఇదే గొడవ. ఆమె భర్త అరిచేవాడు, పనివాళ్ళు మొహాలు ముడుచుకునేవాళ్ళు, ఎవరో ఒకరు చెప్పకుండా మానేసేవాళ్ళు, హోటల్ మేనేజర్లు ఫోన్లు చేసి తిట్టేవాళ్ళు.

ఈ ఏడు అలా జరగలేదు. సీజన్‌కి ముందు వ్యాపారుల సంఘం వాళ్ళు ఒక క్లాసు పెట్టించారు, సెలవుల్లో వ్యాపారం కుంటుపడకుండా నడుపుకోవడం ఎలా అని. భర్త వెళ్ళొచ్చాడు. వచ్చినవాడు వెళ్ళినవాడిలా లేడు. అరవడం మానేశాడు. "మనిషి సంతోషంగా ఉంటేనే చేతిలో పని నడుస్తుందోయ్. సెలవు కాదంటే ఒళ్ళు ఇక్కడుంటుంది, మనసు ఇంటి దగ్గరుంటుంది. ముందే అడిగి తెలుసుకోవాలి, వంతులు వేసుకోవాలి, ఖాళీలు మనమే పూడ్చుకోవాలి" అని భోజనం దగ్గర కూర్చుని పాఠం అప్పగించినట్టు చెప్పాడు. ఆమెకి ముచ్చటేసింది. నిజంగానే మంచి మాటలు. మర్నాడు పనివాళ్ళందరినీ పిలిచి, ఎవరికెప్పుడు సెలవు కావాలో అడిగాడు. మొదట ఎవరూ నోరు విప్పలేదు, ఏదో మెలిక ఉందనుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే అడిగారు. ఒక్కరినీ కాదనలేదు. ఇస్త్రీ చేసే ఆమె కళ్ళు తుడుచుకుంది. "సార్ ఎంత మారిపోయారమ్మా" అంది ఆమెతో.

"ఖాళీలు మనమే పూడ్చుకోవాలి" అన్న మాటలో 'మనం' అంటే ఎవరో ఆమెకి సీజన్ మొదలయ్యాక గానీ తెలిసిరాలేదు. మడతల అమ్మాయి వెళ్ళినప్పుడు మడతలు ఆమె పెట్టింది. కౌంటర్‌లో కూర్చునే పెద్దాయన వెళ్ళినప్పుడు కౌంటర్‌లో ఆమె కూర్చుంది. మిషన్లు చూసే మనిషి వెళ్తే మిషన్ల దగ్గర నిలబడింది. ఎవరూ రమ్మని పిలవలేదు. పొద్దున్నే భర్త మెట్ల కింద నిలబడి "ఇవాళ ఎక్కడ ఖాళీ?" అని పైకి వినపడేలా తనలో తను అనుకునేవాడు. కాసేపటికి ఆమె దిగివచ్చేది. అంతే. దీన్ని చెయ్యమనడం అంటారా, చెయ్యడం అంటారా అని ఒకసారి గలీబులు తిప్పి వేస్తూ ఆలోచించింది. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తోచలేదు. భర్త అరవలేదు. పనివాళ్ళు తప్పు చెయ్యలేదు. పెద్దాయన మనవడిని ఎత్తుకుని తీయించుకున్న ఫోటో చూపిస్తే ఆమె మనస్ఫూర్తిగా సంతోషించింది కూడా. అందరి సెలవులూ తన ఒంటి మీదుగా నడిచి వెళ్తున్నాయని ఎవరితో అనగలదు? అంటే, పనివాళ్ళ సుఖం చూసి ఓర్వలేనిదానిలా వినిపిస్తుంది.

హాస్టల్ నుంచి సెలవులకొచ్చిన కొడుకు లేచేసరికి ఎండ నడినెత్తికొచ్చేది. "నువ్వెప్పుడు చూసినా కిందే ఉంటావేంటమ్మా, నేనొచ్చింది నీ కోసం కదా" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. తిన్న కంచం మాత్రం బల్ల మీదే ఉండేది.

మడతల బల్ల మీద ఫోన్ మోగింది. అక్కే. ఆమె దుప్పటి కొస వదిలేసి అందుకుంది. అవతలి కొస పట్టుకుని అత్తగారు అలాగే నిలబడింది.

"వచ్చే వారమే అన్నారే చిట్టీ. బడి తెరిచేలోపు లేచి తిరగగలనట. సెలవులైపోతే మళ్ళీ నాకు కుదరదు కదా."

అక్క బళ్ళో లెక్కల టీచరు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక చెల్లెలి జడలు వేసిందీ, పరీక్షలకి కూర్చోబెట్టిందీ, పెళ్ళిలో పక్కన నిలబడిందీ అక్కే. ఇప్పుడు కడుపులో గడ్డ. ప్రమాదమేమీ లేదన్నారు, కానీ తీసెయ్యాలన్నారు. మొదటిసారి ఆ సంగతి చెప్పినప్పుడు, "నాలుగు రోజులు నా దగ్గరుంటావా?" అని అడిగింది. అడగడం అక్కకి అలవాటు లేదు. అందుకే ఆ అడగడంలో గొంతు కొత్తగా వినిపించింది. ఆమె వెంటనే "ఉంటాను" అంది. ఫోన్ పెట్టేశాక భర్తకి చెప్పింది. "చూద్దాం" అన్నాడాయన.

ఆ ఇంట్లో "చూద్దాం" అంటే కాదని కాదు, ఔననీ కాదు. ఆ మాట కింద ఏళ్ళు గడిచిపోతాయి. బడి సెలవులొస్తే అక్కకి తీరిక, ఆమెకి సీజన్. సీజన్ అయిపోతే ఆమెకి కాస్త తీరిక, అక్కకి బడి. పెళ్ళైనప్పట్నించీ అక్కాచెల్లెళ్ళు ఒకచోట నాలుగు పూటలు కలిసి గడిపింది లేదు.

"వస్తావు కదే?" అంది అక్క.

"వస్తానక్కా."

అత్తగారు కొస వదల్లేదు. "ఎవరు? మీ అక్కా?" అంది. ఆమె తలూపింది. మళ్ళీ దుప్పటి కొస అందుకుంది.

ఆ మధ్యాహ్నమే ఇస్త్రీ ఆమె వచ్చింది. ఆవిరి మిషన్ ముందు పొద్దుగూకులూ నిలబడే మనిషి, మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. కూతురు పిల్లల్ని తీసుకుని వస్తోందట. మొదట అడిగిన సెలవు నెలాఖర్లో. ఇప్పుడు కూతురి ప్రయాణం ముందుకి జరిగింది. వచ్చే వారం కావాలి.

"సార్‌ని అడిగానమ్మా. సరే అన్నారు. కానీ మీతో ఓ మాట చెప్పకుండా వెళ్ళాలనిపించలేదు. నా బదులు ఎవరు నిలబడతారో నాకు తెలుసు కదా."

వద్దని ఒక్క మాటంటే చాలు. ఆ వారం మాకూ పనుంది, మీ అమ్మాయిని ఇంకో వారం ఆగమను అంటే, ఇస్త్రీ ఆమె ఆగిపోతుంది, తను అక్క దగ్గరికి వెళ్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది ఎవరు అనే మాట? యజమాని భార్య అనే మాట. కూతుర్ని చూసి రెండేళ్ళైన ఆడమనిషితో అనే మాట. ఆ మనిషి ఆగిపోతే, ఆ వారమంతా అక్క మంచం పక్కన కూర్చుని ఈ మొహమే గుర్తుచేసుకోవాలి. సెలవివ్వడానికి తను యజమాని కాదు, సెలవడగడానికి పనిమనిషీ కాదు. ఆపడానికి మాత్రం పనికొస్తుంది.

"వెళ్ళిరా. పిల్లల్ని అడిగానని చెప్పు" అంది.

సాయంత్రం భర్త టీ తాగుతుంటే ఎదురుగా కూర్చుంది. అడగాల్సిన మాటలు మెట్లు ఎక్కుతూ పేర్చుకుంది.

"అక్కకి వచ్చే వారం ఆపరేషన్. నేను వెళ్ళాలి."

"వచ్చే వారమా? ఇస్త్రీ ఆమె వెళ్తోందే."

"తెలుసు. ఎవర్నైనా తాత్కాలికంగా పెట్టుకోండి."

"సీజన్లో ఇస్త్రీకి మనిషి దొరుకుతారా? దొరికినా చేతిలో పెట్టగానే వచ్చే పనా అది? తగలబెడితే హోటల్ వాళ్ళు ఊరుకుంటారా?" ఆయన గొంతు పెంచలేదు. క్లాసులో నేర్చుకున్నది నిలబెట్టుకుంటున్నాడు. "మీ అక్క పక్కింటావిడ మంచిదంటావు కదా. ఆస్పత్రిలో నర్సులుంటారు. నువ్వెళ్ళి మాత్రం ఏం చేస్తావు, కూర్చోవడం తప్ప?"

"కూర్చోవడానికే వెళ్తాను. అందరికీ సెలవిచ్చారు. నాకూ ఇవ్వండి."

ఆయన కప్పు కింద పెట్టి నిజంగా ఆశ్చర్యంగా చూశాడు. వెటకారం లేదు, కోపం లేదు. "నీకు సెలవేంటి? నువ్వేమన్నా ఇక్కడ పనిచేస్తున్నావా?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఎక్కడైనా నవ్వు దాగుందేమో అని వెతికింది. లేదు. ఆయన మనసులో లాండ్రీలో పనిచేసేవాళ్ళంతా ఒకవైపు ఉన్నారు. ఆ వరసలో ఆమె లేదు. అంత పని చేసినా కనిపించకపోవడమా, లేక చేస్తోంది కాబట్టే కనిపించకపోవడమా అని ఆమెకి అర్థం కాలేదు. గట్టిగా అరవచ్చు. కాళ్ళు కడుక్కుని బస్సెక్కచ్చు. ఎక్కితే ఆగిపోయేది ఆయన పని కాదు, ఇస్త్రీ ఆమె సెలవు. వచ్చిన కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టి ఆ మనిషి మిషన్ దగ్గరికి పరిగెత్తుకు రావాలి. అది భర్తకి తెలుసో లేదో గానీ, ఆమె కాళ్ళు మాత్రం అక్కడే కట్టేసినట్టు ఆగిపోయాయి.

"మనది మనం చేసుకుంటున్నాం. దానికి సెలవులేంటోయ్" అన్నాడాయన బుజ్జగిస్తున్నట్టు. "సీజన్ పోనీ. ఎన్నాళ్ళైనా ఉండిరా."

మర్నాడు మళ్ళీ దుప్పట్ల ముందు అత్తగారు, ఆమె. అత్తగారే ముందు మాట్లాడింది.

"మా అమ్మ పోయిందీ సీజన్లోనే. బాగాలేదని రెండుసార్లు కబురొచ్చింది. ఈ మూటలు పంపేసి వెళ్దామన్నారు మీ మామగారు. పంపేసి వెళ్ళాం. వెళ్ళేసరికి ఇల్లు కడుగుతున్నారు."

ఆమె చేతులు ఆగాయి.

"మరి నన్ను వెళ్ళమని మీ అబ్బాయికి చెప్పొచ్చు కదా అత్తయ్యా?"

అత్తగారు దుప్పటి బిగలాగింది. "నువ్వెళ్తే ఆ మిషన్ దగ్గర నిలబడాల్సింది నేను. నా వల్ల కాదే అమ్మాయ్. చేతులు లేవట్లేదు" అంది. ఆ గొంతులో దర్పం లేదు, సిగ్గుంది. ఆమెకి అత్తగారి మీదైనా కోపం తెచ్చుకునే వీల్లేకుండా పోయింది.

ఆపరేషన్ రోజున ఆమె ఆవిరి మిషన్ ముందు నిలబడింది. ఫోన్ పక్కనే పెట్టుకుంది. మిషన్ చప్పుడులో వినపడదని మాటిమాటికీ తీసి చూసింది. ఒక పెద్ద హోటల్‌లో జనం దిగుతున్నారని, మధ్యాహ్నంలోగా దుప్పట్లు పంపాలని భర్త రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్ళాడు. మూడోసారి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. "కంగారు పడకు, ఏం కాదు" అన్నాడు. ఆ నీళ్ళు తాగుతుంటే ఏడుపొచ్చింది. ఆయన దయ లేని మనిషైతే తనకెంత సుఖంగా ఉండేదో అనిపించింది. అక్క ఫోన్‌కి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈ లోపల ఒక దుప్పటి అంచు మాడి గోధుమరంగు తేలింది. చివరికి పక్కింటావిడ ఎత్తింది.

"అయిపోయిందమ్మా. బాగానే ఉంది. మత్తులో ఉంది ఇంకా. మీరు సీజన్లో ఉన్నారట కదా, చెప్పింది. మీరేం బెంగపెట్టుకోకండి, నేనున్నాను."

"చాలా థాంక్సండీ" అంది ఆమె. పరాయిమనిషికి చెప్పినట్టు కాదు, అక్కకి ఆవిడే సొంత మనిషి, తనే పరాయిది అన్నట్టు వినిపించింది ఆ మాట ఆమెకే.

సీజన్ గడిచింది. పనివాళ్ళంతా తిరిగొచ్చారు, ఇస్త్రీ ఆమె ఒక్కతే ఇంకా రాలేదు. భర్త అందరికీ మేడ మీద విందు ఇచ్చాడు. వంట ఆమె చేసింది, వడ్డించిందీ ఆమే. సంఘం అధ్యక్షుడు కూడా వచ్చాడు. భర్త లేచి నిలబడి నాలుగు మాటలు మాట్లాడాడు. ఒక్కరి సెలవూ కాదనలేదనీ, ఒక్క హోటల్‌కీ సరుకు ఆలస్యం కాలేదనీ, ఇన్నేళ్ళలో ఇలాంటి సీజన్ చూడలేదనీ అన్నాడు. పనివాళ్ళు మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు.

"మా కొట్లలో అందరం కిందామీదా పడ్డాం. నీకెలా కుదిరిందయ్యా ఇది?" అని అడిగాడు అధ్యక్షుడు.

"ప్లానింగ్ సార్" అన్నాడు భర్త. అబద్ధం చెప్తున్నట్టు లేదు. నమ్మే చెప్పాడు.

ఆమె ఆయన కంచంలో ఇంకో గరిటె వేసి పక్కవాళ్ళ దగ్గరికి జరిగింది.

ఆ మర్నాడు ఆయనే అన్నాడు, "మీ అక్కని చూసిరా పో. మాటిచ్చాను కదా. ఎన్నాళ్ళైనా ఉండు." కొడుకు హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. అత్తగారు గుమ్మందాకా వచ్చి, "వెళ్ళు. కానీ త్వరగా వచ్చేయ్" అంది. ఆమె బస్సెక్కింది.

అక్క ఇంటికి తాళం ఉంది. బడి తెరిచారు. పక్కింటావిడ తాళంచెవి ఇచ్చి, టీ తాగమంది. ఆమె వద్దని లోపలికెళ్ళి అక్క మంచం మీద కూర్చుంది. పక్కనే మందులు, సగం తాగిన నీళ్ళ సీసా, లేవడానికి ఆసరాగా జరిపిన కుర్చీ. ఆ కుర్చీ ఎవరు జరిపారో. తనకోసం ఇక్కడ ఏ పనీ మిగల్లేదు. కాసేపు కూర్చుంది. తర్వాత చేతులు ఊరుకోలేక ఇల్లు ఊడ్చింది, మంచం మీద దుప్పటి తీసి ఉతికింది, వంటగది గట్టు తుడిచింది. చేస్తూ చేస్తూ తనని తనే చూసుకుని ఆగిపోయింది.

సాయంత్రం అక్క వచ్చింది. చిక్కిపోయింది. నడకలో ఒక చెయ్యి పొట్టమీద పెట్టుకునే కొత్త అలవాటు. చెల్లెల్ని చూసి నవ్వింది. ఆరేసిన దుప్పటి చూసి, "ఎవరు చెయ్యమన్నారే నిన్ను?" అంది.

"రాలేకపోయానక్కా."

"తెలుసులే."

"తిట్టక్కా."

"ఎందుకు తిట్టడం? నీకు మాత్రం వీలవ్వాలి కదా." అక్క కుర్చీలో మెల్లగా కూర్చుంది. కాళ్ళు చాపుకుంది. "ఆపరేషన్‌కి తీసికెళ్ళే ముందు అడిగారే, మీవాళ్ళెవరు, ఏదైనా ఐతే ఎవరికి చెప్పాలి అని. నీ పేరు చెప్దామని నోరు తెరిచాను. పాపం నువ్వు పనిలో ఉంటావు, కంగారు పెట్టడం ఎందుకని పక్కింటావిడ పేరు చెప్పాను. తర్వాత నవ్వొచ్చింది. లెక్కల టీచర్ని, నా వాళ్ళని లెక్కపెట్టుకోవడం రాలేదు నాకు."

అక్క నిజంగానే నవ్వింది. ఆమె నవ్వలేదు. అక్క కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, మోకాలికి తల ఆనించింది. అక్క చెయ్యి ఆమె జుట్టులోకి వెళ్ళింది. "తల సబ్బు వాసనేస్తోందే" అంది అక్క. ఇద్దరూ అలాగే ఉన్నారు. ఏ పనీ చెయ్యకుండా ఒక మనిషి పక్కన కూర్చోవడం ఎంత కష్టమో, ఎంత హాయో ఆమెకి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

రెండో రోజు సాయంత్రం భర్త ఫోన్ చేశాడు. మొదట అక్క ఎలా ఉందని అడిగాడు. తర్వాత, ఇస్త్రీ ఆమె ఇక రాదట అన్నాడు. కూతురు తనతో తీసుకెళ్ళిపోతానందట, సరే అనేసిందట.

"మంచిదే కదా" అంది ఆమె.

"మంచిదే. కానీ పని ఎక్కడిదక్కడే ఉండిపోయింది. మనిషి దొరికేదాకా నువ్వొచ్చి కాస్త..."

"మనిషిని చూసుకోండి."

"చూస్తాను. వెంటనే దొరకద్దూ? ఎన్నాళ్ళు పడుతుందో ఏమో."

"దొరికాక చెప్పండి. అప్పుడొస్తాను."

అవతల మిషన్ చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడులో ఆయన మొహం ఎలా ఉందో ఆమెకి కనిపిస్తూనే ఉంది. కోపం ఉండదు. అర్థం కాకపోవడం ఉంటుంది. "ఎన్నాళ్ళైనా ఉండు" అన్న నోటితో "వచ్చేయ్" అని ఎలా అనాలో వెతుక్కుంటూ ఉంటాడు. రేపు మళ్ళీ చేస్తాడు. ఎల్లుండి అత్తగారి చేత చేయిస్తాడు. లేవని చేతులతో మిషన్ ముందు అత్తగారు నిలబడిందని వింటే తను ఎంతసేపు ఉండగలదో ఆమెకే తెలియదు.

"ఉంటాను" అని పెట్టేసింది.

లోపల్నించి అక్క అడిగింది, "ఏమంటున్నాడే మీ ఆయన?"

"మనిషి కావాలట."

"నువ్వేమన్నావు?"

ఆమె వచ్చి అక్క పక్కన కూర్చుంది.

"వెతుక్కోమన్నాను" అంది.